ఎనిమిది డిమాండ్లు, కడప నుంచి ఒక వినతిపత్రం

బంగ్లాదేశ్ మైనారిటీల డిమాండ్లను బలపరుస్తూ మేం కొందరం కడప నుంచి రాష్ట్రపతికి ఒక వినతిపత్రం పంపాం. ఆ పని ఎట్లా సాగిందో రాయమని మిత్రులు అడిగారు. నేను కడప కోర్టులో ప్రాక్టీసు చేసే లాయర్ని, ముస్లింని. ఈ రెండూ ముందే చెబుతున్నాను, ఎందుకంటే మొదటి నుంచి చివరిదాకా నన్ను అడిగిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం వీటి చుట్టూనే తిరిగాయి.

ముందు అక్కడ జరిగింది క్లుప్తంగా చెబుతాను. స్వాతంత్ర్య యోధుల వారసులకు ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్న 30 శాతం కోటాను 2024 జూన్‌లో బంగ్లాదేశ్ హైకోర్టు మళ్ళీ నిలబెట్టింది. విద్యార్థులు రోడ్డెక్కారు. జూలై 16న రంగ్‌పూర్‌లో అబూ సయీద్ అనే విద్యార్థి పోలీసు కాల్పుల్లో చనిపోయాక గొడవ కోటాను దాటి చాలా దూరం వెళ్ళిపోయింది. 93 శాతం ఉద్యోగాలు ప్రతిభ మీదే ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పినా జనం ఇళ్ళకు పోలేదు. వందల మంది ప్రాణాలు పోయాయి. ఆగస్టు 5న షేక్ హసీనా రాజీనామా చేసి మన దేశానికి వచ్చేశారు. 8న ముహమ్మద్ యూనుస్ తాత్కాలిక ప్రభుత్వం బాధ్యతలు తీసుకుంది. ఆ మధ్య రోజుల్లో ఆ దేశానికి ప్రభుత్వమంటూ లేదు, చాలా పోలీస్ స్టేషన్లు ఖాళీగా పడి ఉన్నాయి. హిందువుల ఇళ్ళ మీద, దుకాణాల మీద, గుళ్ళ మీద దాడులు ఎక్కువగా అప్పుడే జరిగాయి.

ఆ వారం కడపలో ఎవరి ఫోన్ చూసినా మంటలే. అందులో నిజాలూ ఉన్నాయి, అబద్ధాలూ ఉన్నాయి. క్రికెటర్ లిటన్ దాస్ ఇల్లు తగలబెట్టారని ఒక ఫొటో మా బార్ గ్రూపులోకి కూడా వచ్చింది. తగలబడింది మాజీ కెప్టెన్ మష్రఫీ మోర్తజా ఇల్లు. ఆయన ముస్లిం, హసీనా పార్టీ ఎంపీ. తన ఇంటికేమీ కాలేదని లిటన్ దాసే చెప్పుకోవాల్సి వచ్చింది. అయితే మెహర్‌పూర్‌లో ఇస్కాన్ గుడి తగలబడడం నిజం. పంచగఢ్‌లో అహ్మదీయా అనే చిన్న ముస్లిం శాఖ వాళ్ళ ఇళ్ళ మీద పడి తగలబెట్టడమూ నిజం. ఒక్క అబద్ధపు ఫొటో దొరికేసరికి మా వాళ్ళలోనే కొందరు "అంతా ఉత్తదే, ఇదంతా మన మీద చేసే ప్రచారం" అని కొట్టిపారేశారు. నాకు అది భరించలేనిదిగా అనిపించింది. మనకేదైనా జరిగినప్పుడు అవతలివాళ్ళు అదే మాట అంటే కడుపు ఎంత మండుతుందో మాకు తెలియదా?

ఈ పనిలోకి నన్ను లాగింది మాత్రం మంటల వీడియోలు కాదు, ఢాకా షాబాగ్ కూడలి ఫొటో. ఆగస్టు 9, 10 తేదీల్లో వేల మంది హిందువులు అక్కడ రోడ్డు మీద కూర్చున్నారు. ఎక్కువ మంది కాలేజీ పిల్లలు. కొద్ది రోజుల ముందు అదే కూడలిలో హసీనా దిగిపోవాలని నినాదాలు ఇచ్చిన తరం అది. ఈ దేశం మాది, ఎక్కడికీ పోము అని అరుస్తున్నారు. చేతుల్లో అట్టలు. ఆ అట్టల మీద ఏం రాసుందో మన పేపర్లలో గానీ టీవీల్లో గానీ ఎవరూ సరిగా చెప్పలేదు. దెబ్బలు తిన్నవాళ్ళ ఏడుపు రోజంతా చూపించారు, వాళ్ళు ఏం అడిగారో చెప్పడానికి ఒక్క నిమిషం కేటాయించలేదు. లాయర్‌గా నాకు కావాల్సింది ఆ రెండోదే. నా దగ్గరికి వచ్చే ఏ క్లయింటునైనా ముందు "నీకేం కావాలమ్మా?" అని అడుగుతాను.

ఇంగ్లీషు పత్రికల్లో ముక్కలు ముక్కలుగా దొరికింది. మొదట నాలుగు డిమాండ్లు: మైనారిటీలకు మంత్రిత్వ శాఖ, రక్షణ కమిషన్, దాడులు ఆపడానికి కఠిన చట్టం, పార్లమెంటులో 10 శాతం సీట్లు. తర్వాత అవి ఎనిమిదయ్యాయి. బెంగాలీలో ఉన్న పూర్తి పాఠం చదివి చెప్పడానికి ఎవరున్నారని వెతికితే ప్రొద్దుటూరులో బంగారం పని చేసే ఒక కుర్రాడు దొరికాడు. పశ్చిమ బెంగాల్‌లోని మేదినీపూర్ వాడు, హిందువు. నా క్లయింటు దుకాణంలో పని చేస్తాడు. వచ్చీరాని తెలుగులో, మధ్యలో హిందీ కలిపి, ఓపికగా ప్రతి వాక్యం చెప్పాడు. అయిపోయాక "మేడం, నా పేరు ఎక్కడా రాయొద్దు" అన్నాడు. ఎందుకని అడిగితే, ఇల్లు అద్దెకు అడగబోతే నువ్వు బంగ్లాదేశ్ వాడివా అంటున్నారని చెప్పాడు. ఆ మాట మా వినతిపత్రంలో తర్వాత ఒక పేరా అయింది.

ఆ ఎనిమిదీ ఇవి. దాడుల కేసులు త్వరగా తేల్చడానికి ప్రత్యేక ట్రిబ్యునల్, బాధితులకు నష్టపరిహారం, పునరావాసం. మైనారిటీ రక్షణ చట్టం. మైనారిటీ మంత్రిత్వ శాఖ. హిందూ ధార్మిక సంక్షేమ ట్రస్టును ఫౌండేషన్ స్థాయికి పెంచడం, బౌద్ధ, క్రైస్తవ ట్రస్టులకూ అదే. దేవుడి మాన్యాల రక్షణకు చట్టం, స్వాధీనమైన ఆస్తులు తిరిగిచ్చే చట్టం సరైన అమలు. విద్యాసంస్థల్లో, హాస్టళ్ళలో ప్రార్థనకు చోటు. సంస్కృత, పాళీ విద్యా బోర్డును ఆధునికం చేయడం. దుర్గాపూజకు ఐదు రోజుల సెలవు, మిగతా మతాల పెద్ద పండగలకూ సెలవులు.

వీటిలో ఐదోది నన్ను చాలాసేపు పట్టుకుంది. 1965లో భారత్, పాకిస్తాన్ యుద్ధం వచ్చినప్పుడు తూర్పు పాకిస్తాన్‌లో భారత్‌కు వెళ్ళినవాళ్ళ ఆస్తుల్ని శత్రువుల ఆస్తి కింద రాసేశారు. బంగ్లాదేశ్ ఏర్పడ్డాక 1974లో ఆ చట్టానికి పేరు మార్చారు, పద్ధతి అట్లాగే ఉంచారు. అన్న కలకత్తా వెళ్ళిపోతే అక్కడే ఉండి సేద్యం చేసుకుంటున్న తమ్ముడి భాగం కూడా జాబితాలోకి ఎక్కింది. 2001లో తిరిగిచ్చే చట్టం వచ్చింది. ప్రభుత్వ అధీనంలో ఉన్న ఆస్తులు ఒక జాబితా, లేనివి ఇంకో జాబితా. ఆ రెండో జాబితాను 2013లో రద్దు చేశారు. అయినా ఊళ్ళలో భూమి చేతికి రావడానికి ఏళ్ళకేళ్ళు తిరగాల్సి వస్తోంది. కడప జిల్లాలో భూమి కేసులు చూసేవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తాత నాటి నుంచి దున్నుకుంటున్న పొలం ఒకరోజు 22ఎ నిషేధిత జాబితాలో కనపడితే, రిజిస్ట్రేషన్ ఆగిపోతే, ఆఫీసుల చుట్టూ తిరగలేక మనిషి ఎట్లా కుంగిపోతాడో రోజూ చూస్తున్నాం. దానికి మతం కూడా తోడైతే ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మన దేశంలోనూ 1968 నాటి ఎనిమీ ప్రాపర్టీ చట్టం ఉంది. పాకిస్తాన్ వెళ్ళినవాళ్ళ ఆస్తుల మీద, ఇక్కడే ఉండిపోయి భారత పౌరులుగా బతుకుతున్న వారసులకు కూడా హక్కు లేదని 2017 సవరణ తేల్చింది. ఢాకాలో హిందువు అడిగేది, లక్నోలో ముస్లిం అడిగేది ఒకటే న్యాయం. ఇది అర్థమయ్యాక నాకు ఈ పని నుంచి పక్కకు తప్పుకోవడం కుదరలేదు.

మొదట కూర్చున్నది మా సీనియర్ లాయరు గారు, బ్యాంకులో రిటైరైన ఒక సార్, ఒక పాస్టర్ గారు, డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే ఒక మేడం, నేను. వినతిపత్రం రాష్ట్రపతికి, కలెక్టర్ ద్వారా పంపాలని తేల్చుకున్నాం. విదేశీ వ్యవహారంలో కలెక్టర్‌కు పనేముందని కొందరు అడిగారు. ఆయనకు నిర్ణయించే పనేమీ లేదు, పైకి పంపడం వరకే. జిల్లాలో జనం కేంద్రానికి ఏదైనా చెప్పుకోవాలంటే మామూలుగా నడిచే దారి అదే.

రాయడంలోనే బాగా వాదించుకున్నాం. మొదటి వాదన అంకెల మీద. ఆగస్టు 4 నుంచి 20 వరకు 2,010 ఘటనలు జరిగాయని, 9 మంది చనిపోయారని బంగ్లాదేశ్ హిందూ బౌద్ధ క్రైస్తవ ఐక్య పరిషత్ సెప్టెంబరులో ప్రకటించింది. అదే నెలలో ప్రథమ్ ఆలో పత్రిక తన విలేకరులతో ఆరా తీయించి, 1,068 ఇళ్ళు, వ్యాపారాల మీద దాడులు జరిగాయని, వాటిలో కనీసం 506 చోట్ల యజమానులకు హసీనా పార్టీతో సంబంధం ఉందని రాసింది. "పెద్ద అంకె వేద్దాం, బలంగా ఉంటుంది" అని బ్యాంకు సార్. "చిన్నది వేద్దాం, ఎవరూ కాదనలేరు" అని చరిత్ర మేడం. నేను రెండూ రాద్దామన్నాను, ఏది ఎవరు చెప్పారో పక్కనే రాద్దామన్నాను. పార్టీ కోపంతో తగలబెట్టారా, మతం కోపంతో తగలబెట్టారా అన్నది విచారణలో తేలాల్సిన విషయం. ఇల్లు కాలిపోయిన మనిషికి రెండు చోట్లా పరిహారం ఇవ్వాల్సిందే. అందుకే కదా వాళ్ళు ట్రిబ్యునల్ అడిగింది.

రెండో వాదన గట్టిది. బంగ్లాదేశ్ పేరు చెప్పి మన దేశంలో బెంగాలీ మాట్లాడే కూలీలను గానీ ముస్లింలను గానీ వేధించకూడదని చివర ఒక పేరా రాశాను. బ్యాంకు సార్ ఒప్పుకోలేదు. "రెండూ కలిపితే అసలు విషయం పలచబడుతుందమ్మా. చదివేవాళ్ళు చివరి పేరానే పట్టుకుంటారు" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ ప్రొద్దుటూరు కుర్రాడి మాట నా చెవిలో ఉంది. చివరికి పాస్టర్ గారు మధ్యలో పడి, పేరాను రెండు వాక్యాలకు తగ్గించి ఉంచారు. అహ్మదీయాల పేరు, చిట్టగాంగ్ కొండల్లోని బౌద్ధ ఆదివాసుల పేరు కూడా పెట్టించాను. సెప్టెంబరులోనే ఖగ్రాఛరి, రాంగామాటిలో వాళ్ళ ఇళ్ళు, దుకాణాలు కాలాయి. వాళ్ళ గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు.

సంతకాల కోసం తిరిగినప్పుడు నేర్చుకున్నంత నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. పాత బస్టాండు దగ్గర ఒక బట్టల షాపు ఆయన కాగితం అంతా చదివి, నా వైపు చూసి, "మీరు అడుగుతున్నారా మేడం?" అన్నారు. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు, సంతకం పెట్టి షాపులో పనిచేసేవాళ్ళందరితోనూ పెట్టించారు. మా పేటలో ఒక పెద్దాయన మాత్రం నిలదీశారు. "బేటీ, మన మీద బుల్డోజరు వచ్చినప్పుడు వీళ్ళలో ఎవరన్నా సంతకం పెట్టినారా?" అన్నారు. నాకు తెలిసి పెట్టినవాళ్ళు ఉన్నారని చెప్పాను, కొందరి పేర్లు కూడా చెప్పాను. "వాళ్ళు పెట్టకపోయినా నేను పెట్టాలి చాచా, అక్కడ కొట్టినవాళ్ళు మన దీన్ పేరు చెప్పి కొట్టినారు" అన్నాను. ఆయన ఆ రోజు పెట్టలేదు. తర్వాత జుమ్మా అయ్యాక మనవడితో కబురు పంపి పిలిపించుకుని పెట్టారు.

పెద్ద దర్గా దగ్గర పని సులువుగా సాగింది. సెప్టెంబరులో సిల్హెట్‌లో షా పరాన్ దర్గా మీద దాడి జరిగింది. బంగ్లాదేశ్‌లో చాలాచోట్ల దర్గాలు పగలగొట్టారు. ఆ సంగతి చెప్పగానే అక్కడున్నవాళ్ళ ముఖాలు మారిపోయాయి. పెద్ద దర్గా అని మేం పిలిచే ఈ అమీన్ పీర్ దర్గాకు వచ్చేవాళ్ళలో హిందువులు ఎంతమందో కడపలో పుట్టినవాళ్ళకు తెలుసు. ఉగాది రోజు దేవుని కడప వెంకటేశ్వర స్వామి గుడికి మా వాళ్ళు కొబ్బరికాయ పట్టుకుని పోవడమూ తెలుసు, బీబీ నాంచారమ్మను మా ఇంటి ఆడబిడ్డ అనుకునే ఊరు ఇది. గుడినీ దర్గానూ ఒకే చేత్తో పగలగొడుతున్నారంటే ఇక్కడి జనానికి వేరే వివరణ అవసరం లేకపోయింది.

కోర్టులో ఒక జూనియర్ తమ్ముడు అడిగిన ప్రశ్న నన్ను ఆలోచనలో పడేసింది. "అక్కా, నువ్వు సీఏఏకి వ్యతిరేకంగా కూర్చున్నావు కదా? ఇప్పుడు ఆ హిందువుల కోసం ఎట్లా అడుగుతావు?" పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా నేను కూర్చున్న మాట నిజం. పారిపోయి వచ్చినవాళ్ళకు చోటివ్వడాన్ని నేను ఎప్పుడూ వ్యతిరేకించలేదు, మతం చూసి ఇవ్వడాన్ని వ్యతిరేకించాను. ఆ చట్టం ప్రకారం చూసినా 2014 డిసెంబరు 31 లోపు వచ్చినవాళ్ళకే వర్తిస్తుంది, 2024లో ఇల్లు కాలినవాళ్ళకు దానితో ఏ లాభమూ లేదు. అన్నిటికంటే ముఖ్యం, షాబాగ్‌లో కూర్చున్న పిల్లలు మన పౌరసత్వం అడగడం లేదు. సొంత దేశంలో, సొంత ఊళ్ళో భయం లేకుండా బతకనివ్వమంటున్నారు. ఇదంతా ఆ తమ్ముడికి చెప్పాను. సంతకం పెట్టాడు, మర్నాడు నాలుగు కాగితాలు నింపుకొచ్చాడు.

ఇక పర్మిషన్ సంగతి. కోటిరెడ్డి సర్కిల్ నుంచి కలెక్టరేట్ దాకా నినాదాలు లేకుండా నడుద్దామనుకున్నాం. స్టేషన్‌లో అర్జీ ఇస్తే పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉంది, ర్యాలీకి కుదరదన్నారు. ఇంతకూ మీరు ఎవరి తరపున అని కూడా అడిగారు. వినతిపత్రం కాపీ ఇచ్చాను. ఆ అధికారి నిలబడే చదివి, "ఇందులో గొడవ పెట్టేదేమీ లేదు మేడం, కానీ ఇది చూసి రెండో వాళ్ళు, మూడో వాళ్ళు ర్యాలీ అడుగుతారు" అన్నారు. ఆయన ఇబ్బంది నాకు అర్థమైంది, అయినా కోపం వచ్చింది. నోరు మూసుకుని నడిచే వందమందికి కూడా ఈ ఊళ్ళో రోడ్డు దొరకదా? చివరికి ఒక హాల్లో సభ పెట్టుకున్నాం. వెనక వరుసలో మఫ్టీలో కానిస్టేబుల్ కూర్చుని రాసుకున్నారు. ఎనిమిది డిమాండ్లనూ ఒక్కొక్కరు ఒక్కోటి చదివారు. దేవుడి మాన్యాల డిమాండును నాతో చదివించారు.

సోమవారం గ్రీవెన్స్ రోజున ఐదుగురం లోపలికి వెళ్ళాం. పింఛన్ల కోసం, పాసుపుస్తకాల కోసం వచ్చిన జనం మధ్య మా వంతు కోసం చాలాసేపు కూర్చున్నాం. తీసుకున్న అధికారి చూసి, పైకి పంపుతామని చెప్పి, రసీదు ఇచ్చారు. ఒక కాపీ ఢిల్లీలోని బంగ్లాదేశ్ హైకమిషన్‌కు రిజిస్టర్ పోస్టులో పంపాం.

అంతటితో పని అయిపోయిందనుకుంటుంటే నవంబరు వచ్చింది. చిట్టగాంగ్‌లో ఈ ఎనిమిది డిమాండ్ల మీదే పెద్ద సభలు పెట్టిన సన్యాసి చిన్మయ్ కృష్ణ దాస్‌ను 25న అరెస్టు చేశారు. జాతీయ జెండాను అవమానించారని రాజద్రోహం కేసు. మర్నాడు బెయిలు నిరాకరించాక కోర్టు దగ్గర జరిగిన గొడవల్లో సైఫుల్ ఇస్లాం అలీఫ్ అనే యువ లాయర్‌ను నరికి చంపారు. డిసెంబరు 3న కేసు పిలిస్తే నిందితుడి తరపున నిలబడడానికి ఒక్క లాయరూ రాలేదు. జనవరి 2కి వాయిదా వేశారు, ఆ రోజూ బెయిలు ఇవ్వలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోర్టు దగ్గర చనిపోయిన లాయరూ నావాడే, లాయరు దొరకని ఆ నిందితుడూ నావాడే. అలీఫ్‌ను చంపినవాళ్ళకు శిక్ష పడాలి. చిన్మయ్ దాస్‌కు తన వాదన వినిపించుకునే హక్కు ఉండాలి. ఒకటి అడిగితే రెండోదాన్ని వదులుకున్నట్టు మాట్లాడిన మా బార్‌లోని మిత్రులతో చాలా గట్టిగా వాదించాను. వాళ్ళలో కొందరు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడం లేదు.

జనవరిలో బంగ్లాదేశ్ పోలీసులు తమ లెక్క చెప్పారు. ఐక్య పరిషత్ ఆరోపించిన వాటిలో 1,234 ఘటనలు రాజకీయమైనవని, 20 మాత్రమే మతపరమైనవని, 161 అబద్ధమని తేల్చారు. దర్గాల మీద 44 దాడులు జరిగాయనీ ఒప్పుకున్నారు. రాజకీయ కారణమని రాసినంత మాత్రాన ఆ 1,234 ఘటనల్లో దెబ్బతిన్న కుటుంబాల బాధ్యత ప్రభుత్వానికి తప్పుతుందా?

ఇది రాస్తున్న 2025 ఫిబ్రవరి నాటికి ఎనిమిదింటిలో కొంచెమైనా కదిలింది సెలవు ఒక్కటే. దుర్గాపూజకు ఒక రోజు ఉన్న సెలవును రెండు రోజులు చేశారు. రక్షణ చట్టం రాలేదు, మంత్రిత్వ శాఖ రాలేదు. యూనుస్ ప్రభుత్వం ఎన్నికల మీద, పోలీసుల మీద, న్యాయవ్యవస్థ మీద, మహిళల మీద, కార్మికుల మీద, ఇట్లా మొత్తం 11 సంస్కరణ కమిషన్లు వేసింది. మైనారిటీల కోసం ఒక్కటీ వేయలేదు. 2024 ఆగస్టు 13న ఢాకాలోని ఢాకేశ్వరి గుడికి వెళ్ళి, అందరి హక్కులూ సమానమేనని చెప్పి వచ్చిన మనిషి ఆయన.

మేం రెండో వినతిపత్రం రాస్తున్నాం. ఈసారి అందులో రెండే విషయాలు ఉంటాయి: రక్షణ చట్టం, ఆస్తులు తిరిగివ్వడం. బ్యాంకు సార్ ముసాయిదా మొదలుపెట్టారు. భూముల పేరా నన్ను రాయమన్నారు. ప్రొద్దుటూరు కుర్రాడు ఈసారి చట్టం పాఠం చదివి పెడతానని తనే ఫోన్ చేశాడు.